మామిడి అల్లం: ఉదయగిరి, ఆత్మకూరు ఇళ్లలో పెంచుకునే పద్ధతి

సంక్రాంతి రోజుల్లో చెన్నై ఆస్పత్రికి వెళ్లొచ్చిన చుట్టాలు కూరగాయల మార్కెట్ నుంచి పావుకిలో మామిడి అల్లం తెస్తారు. సగం ఊరగాయకు పోతుంది. మిగతా సగం ఫ్రిజ్‌లో ముడుచుకుపోతుంది. ఒకటి రెండు ముక్కలు కుండీలో గుచ్చితే మే ఎండకు మాడిపోతాయి. మాడకుండా పెరిగినవి నవంబరు వానకు కుళ్లిపోతాయి. అంతటితో "మన ఊళ్లో ఇది రాదులే" అని వదిలేస్తాం.

వస్తుంది. కాకపోతే యూట్యూబ్‌లో చెప్పే పద్ధతులు చాలావరకు కేరళ వానను చూసి చెప్పేవి. అక్కడ పెద్ద వాన జూన్‌లో మొదలవుతుంది. మన నెల్లూరు జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 1,080 మిల్లీమీటర్లయితే, అందులో సగం కంటే ఎక్కువ అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్టలో వాన ఇంకా తక్కువ, కానీ పడే కాలం అదే. అంటే నాటేటప్పుడు నీళ్లు ఉండవు, దుంప ముదిరేటప్పుడు నీళ్లు ఎక్కువవుతాయి. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుని నెలలు సర్దుకుంటే నాలుగు కుండీలతో ఇంటికి సరిపడా పండుతుంది.

అసలు ఇది ఏంటి?

పేరులో అల్లం ఉన్నా ఇది పసుపుకు దగ్గరి చుట్టం. శాస్త్రీయ నామం కుర్కుమా అమాడ. పసుపు కూడా కుర్కుమా జాతిదే. 'అమాడ' అనే మాట బెంగాలీ వాళ్లు దీన్ని పిలిచే 'ఆమ్ ఆదా' నుంచి వచ్చింది. ఆ పేరు పెట్టింది విలియం రాక్స్‌బర్గ్. 1793లో కలకత్తా తోటకు వెళ్లక ముందు ఆయన మన సామర్లకోటలోనే ఉండి మొక్కల మీద పనిచేశాడు.

మొక్క రెండు మూడు అడుగులు పెరుగుతుంది. ఆకులు పసుపు ఆకుల్లా వెడల్పుగా ఉంటాయి. దుంప చూడడానికి అల్లంలా ఉంటుంది, కోస్తే లోపల లేత పసుపు. వాసన అచ్చం పచ్చి మామిడికాయ. మామిడిలో ఉండే మైర్సీన్, ఆసిమీన్ లాంటి సువాసన పదార్థాలు దీంట్లోనూ ఉండడమే దానికి కారణం. వాసన మామిడిదే గానీ పులుపు ఉండదు. అందుకే ఊరగాయలో నిమ్మరసమో చింతపండో కలపాల్సి వస్తుంది.

పేర్లతో జాగ్రత్త

మన ఇళ్లలో ఉర్దూలో దీన్ని 'ఆంబా హల్దీ' అంటారు, కొందరు 'ఆమ్ అద్రక్' అంటారు. చిక్కు ఇక్కడే ఉంది. బెణుకులకు, వాపులకు పట్టు వేయడానికి మూలికల దుకాణంలో ఎండు ముక్కలుగా అమ్మేదాన్ని కూడా ఆంబా హల్దీ అనే అంటారు. అది చాలాసార్లు కస్తూరి పసుపో, ఆ జాతిలో ఇంకో దుంపో అయి ఉంటుంది. పైపూతకు కొన్న ఎండు ముక్కను వంటలో వేయకండి, విత్తనంగా నాటకండి. వాసన చూస్తే తేడా తెలిసిపోతుంది. కస్తూరి పసుపు కర్పూరం వాసన కొడుతుంది, మామిడి అల్లం మామిడి వాసనే కొడుతుంది.

ఇంకో మాట. ఖుర్ఆన్‌లో 76వ సూరా, 17వ ఆయత్‌లో వచ్చే 'జంజబీల్' మామూలు అల్లం, శొంఠి. మామిడి అల్లం కాదు. వాట్సాప్‌లో రెండూ కలిపి తిప్పుతున్నారు కాబట్టి చెప్పాల్సి వచ్చింది.

మన ప్రాంతానికి నెలవారీ లెక్క

- జనవరి, ఫిబ్రవరి: పచ్చి దుంపలు మార్కెట్‌కు వచ్చే కాలం. విత్తనం కొనుక్కుని ఇసుకలో దాచాలి.
- మార్చి, ఏప్రిల్: దుంప నిద్రలో ఉంటుంది. ఏమీ చేయక్కర్లేదు. కుళ్లినవి ఉంటే ఏరేస్తే చాలు.
- మే రెండో సగం: ఇంట్లో నీడలో మొలకెత్తించాలి.
- జూన్ రెండో వారం నుంచి నెలాఖరు: మృగశిర కార్తె వచ్చాక కుండీలోకి మార్చాలి.
- జులై నుంచి సెప్టెంబరు: నీడ, నీళ్లు, ఎరువు.
- అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారం: వాన నుంచి కాపాడాలి.
- డిసెంబరు మూడో వారం: నీళ్లు తగ్గించాలి.
- జనవరి: ఆకులు ఎండాక తవ్వాలి.

రోహిణి కార్తెలో మాత్రం కుండీలో నాటొద్దు. మిద్దె మీద కుండీలో మట్టి ఎంత కాలుతుందో చేయి పెట్టి చూడండి, దుంప ఉడికిపోతుంది. బక్రీద్ కూడా ఇప్పుడు మే నెలలోనే వస్తోంది. పండక్కి తెచ్చి పెరట్లో కట్టేసిన మేకకు లేత మొలకలు కనిపిస్తే మిగలవు. పండగ అయ్యాక నాటడమే అన్ని విధాలా మేలు.

విత్తనం ఎంపిక

దీనికి గింజలు నాటే పని లేదు, దుంప ముక్కే విత్తనం. గట్టిగా, ముడతలు లేకుండా, మెత్తటి మచ్చలు లేకుండా ఉన్న దుంప తీసుకోండి. ఒక్కో ముక్క 25 నుంచి 35 గ్రాములు ఉండాలి. బొటనవేలంత అనుకోండి. ప్రతి ముక్కకు కనీసం ఒకటి, వీలైతే రెండు కళ్లు ఉండాలి. కన్ను అంటే మొలక వచ్చే చిన్న బుడిపె.

కోసిన వెంటనే నాటొద్దు. కోసిన చోట కట్టెల బూడిద అద్ది, రెండు రోజులు నీడలో ఆరనివ్వాలి. తర్వాత ఒక ట్రేలో తడి ఇసుకో కొబ్బరి పొట్టో పోసి, అందులో ముక్కలు కప్పి, వంటగది మూలలో పెట్టండి. ఇసుక పిండితే నీళ్లు కారకూడదు, అంత తడి చాలు. మొలక రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. కొన్ని ఇంకా ఆలస్యం చేస్తాయి. తవ్వి తవ్వి చూడకండి.

కుండీ, మట్టి

దుంప లోతుకు పోదు, పక్కకు పాకుతుంది. కాబట్టి లోతు కంటే వెడల్పు ముఖ్యం. 14 అంగుళాల వెడల్పు, 10 నుంచి 12 అంగుళాల లోతు ఉంటే రెండు ముక్కలు నాటొచ్చు. కుండీలే కొనక్కర్లేదు. 25 కిలోల బియ్యం సంచిని సగానికి మడిచినా సరిపోతుంది, పగిలిన ప్లాస్టిక్ టబ్బు అయినా సరే. అడుగున వేలు పట్టేంత బొక్కలు ఐదారు ఉండి తీరాలి. బొక్కల మీద పెంకు ముక్కలు పరిచి, కుండీని నేలకు ఆనకుండా రెండు ఇటుకల మీద పెట్టండి.

మట్టికి ఈ కొలత తీసుకోండి: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన ఎరువు, కుండీకి రెండు గుప్పిళ్ల వేపపిండి. మన వైపు మేక ఎరువుకు కొదవ లేదు. కానీ పచ్చి పెంటికలు వేస్తే వేడికి వేళ్లు దెబ్బతింటాయి. మూడు నాలుగు నెలలు కుప్పగా మాగినదే వాడాలి. నల్లరేగడి ఒక్కటే నింపితే నీళ్లు దిగవు. అదే ఉంటే ఇసుక పాలు పెంచుకోండి.

పెరట్లో నేల ఉన్నవాళ్లు అడుగు ఎత్తున మడి పోసి, ముక్కకూ ముక్కకూ జానెడు, వరుసకూ వరుసకూ అడుగు దూరం పెట్టొచ్చు. పల్లంలో, స్నానాల గది నీళ్లు పారే చోట వద్దు.

నాటడం, నీడ

మొలకెత్తిన ముక్కను మొలక పైకి ఉండేట్టు రెండు అంగుళాల లోతులో పెట్టి మట్టి కప్పండి. పైన ఎండుటాకులో వరిగడ్డో రెండు అంగుళాల మందాన పరచండి. ఇది చల్లదనం కోసం. కోళ్లు ఉన్న ఇంట్లో గడ్డి మీద పాత వల ఒకటి కప్పకపోతే గంటలో గీకేస్తాయి.

ఈ మొక్కకు పొద్దున మూడు నాలుగు గంటల ఎండ చాలు. కొబ్బరి తోటల్లో చెట్ల మధ్య పెంచే పంట ఇది, నీడకు అలవాటు పడింది. మునగ చెట్టు కిందో, తూర్పు గోడ పక్కనో పెట్టండి. మిద్దె తప్ప వేరే చోటు లేకపోతే పాత చీరో పచ్చ వలో పందిరిలా కట్టాలి. పడమటి ఎండ నేరుగా తగిలితే ఆకు అంచులు గోధుమ రంగుకు మారతాయి.

నీళ్లు

వేసవి గాలికి రోజూ, జులై తర్వాత రోజు మార్చి రోజు. వేలు అంగుళం లోపలికి పెట్టి చూసి తడి ఉంటే ఆ రోజు పోయక్కర్లేదు.

నీళ్లు కొని వాడుకునే వీధుల్లో వుజూ నీళ్లు మంచి ఆధారం. సబ్బు కలవదు కాబట్టి మొక్కకు ఇబ్బంది లేదు. వుజూ చేసే చోట ఒక బకెట్ పెడితే, ఐదు పూటల నమాజు చేసే ఇంట్లో ఒక్కరి వుజూ నీళ్లతోనే నాలుగు కుండీలు తడుస్తాయి. బియ్యం కడిగిన నీళ్లూ పోయొచ్చు. పోయకూడనిది నీళ్ల ప్లాంటులో ఫిల్టరు వదిలేసే నీరు. అందులో ఉప్పులు చిక్కగా ఉంటాయి. బోరు నీళ్లు మరీ ఉప్పగా ఉన్నా ఆకు కొసలు మాడతాయి, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. అలా కనిపిస్తే వాన పడినప్పుడు కుండీని ఒకసారి బాగా తడవనిస్తే ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది.

ఎరువు

నాటిన 45 రోజులకు ఒకసారి, 90 రోజులకు మరోసారి, కుండీకి రెండు గుప్పిళ్ల మాగిన ఎరువు వేసి పైన అంగుళం మట్టి ఎగదోయాలి. దుంప బయటికి కనబడితే పచ్చబడుతుంది, అందుకని మట్టి ఎగదోయడం మరవొద్దు. యూరియా ఎక్కువ వేస్తే ఆకు ఏపుగా వస్తుంది, కింద దుంప ఉండదు. కట్టెల పొయ్యి ఉన్నవాళ్లు సెప్టెంబరులో ఒక చెంచా బూడిద వేసుకోవచ్చు.

నవంబరు గండం

మా ఇంట్లో మొదటిసారి నాటినప్పుడు ఆకులు నడుము ఎత్తు వచ్చాయి. అమ్మీ వీధిలో అందరికీ చూపించింది. నవంబరులో నాలుగు రోజుల ముసురు పట్టింది. కుండీలు నేల మీదే ఉన్నాయి, బొక్కలు బురదకు పూడుకుపోయాయి. వారం తర్వాత కాడ పట్టి లాగితే చేతికి ఊడొచ్చింది, కింద దుంప గుజ్జులా ఉంది. ఆ ఏడాది తిననూ లేదు, విత్తనమూ మిగలలేదు.

ఈ ప్రాంతంలో ఇది అరుదు కాదు. 2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరద సోమశిల, ఆత్మకూరు వైపు వాళ్లకు ఇంకా గుర్తే. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను కూడా సరిగ్గా దుంప ముదిరే రోజుల్లోనే వచ్చింది. కాబట్టి అక్టోబరు రాగానే ఈ నాలుగు పనులు చేయండి:

1. కుండీ అడుగు బొక్కల్లో పుల్ల పెట్టి తిప్పి, నీళ్లు దిగుతున్నాయో లేదో చూడండి.
2. పైన పరిచిన గడ్డి తీసేయండి. వేసవిలో మేలు చేసిన గడ్డే వానలో తేమ పట్టి ఉంచుతుంది.
3. తుపాను కబురు వస్తే కుండీలను వరండాలోకి, రేకు కిందికి మార్చండి. మోయలేని పెద్ద కుండీలైతే ఒక పక్కకు కాస్త వంచి పెట్టండి.
4. ముసురు రోజుల్లో అసలు నీళ్లు పోయకండి.

నేలలో నాటినవాళ్లు మడి చుట్టూ జానెడు లోతు కాలువ తీసి, నీళ్లు బయటికి పోయే దారి చూపాలి.

తెగుళ్లు, పురుగులు

దుంపకుళ్లు: అన్నిటికన్నా ప్రమాదం ఇదే. కింది ఆకులు ముందు పసుపు రంగుకు మారతాయి, కాడ మొదలు మెత్తబడుతుంది, చెడు వాసన వస్తుంది. ఒక్క కుండీలో కనబడినా దాన్ని దూరంగా పెట్టి, ఆ మొక్కను మట్టితో సహా పారేయండి. ఆ మట్టిని వేరే కుండీలో కలపొద్దు. ముందు జాగ్రత్తగా నాటేటప్పుడే మాగిన ఎరువులో ట్రైకోడెర్మా కలుపుకోవచ్చు. అదే కుండీ మట్టిలో వరుసగా రెండో ఏడాది అల్లం గానీ పసుపు గానీ మామిడి అల్లం గానీ నాటకండి, మూడింటికీ ఇదే జబ్బు. ఆ మట్టిలో మెంతికూర, గోంగూర వేసుకోండి.

కాండం తొలిచే పురుగు: నడిమి మొవ్వు ఎండిపోయి, కాడకు చిన్న బొక్క, దాని దగ్గర పొట్టు లాంటి రెట్ట కనబడుతుంది. ఆ కాడను మొదలుకంటా కోసి కాల్చేయండి.

ఆకు చుట్టే పురుగు: ఆకును గొట్టంలా చుట్టుకుని లోపల తింటుంది. నాలుగు కుండీలకు మందెందుకు, చేత్తో ఏరేయొచ్చు.

ఇంట్లో తినేదానికి రసాయన మందు కొట్టాలనిపిస్తే ముందు మీ సచివాలయం పరిధిలోని ఉద్యాన సహాయకుడిని అడగండి. జబ్బు ఆకు ఒకటి కవర్లో పెట్టి తీసుకెళ్తే ఆయనకూ చెప్పడం సులువు.

ఆకులు పసుపు రంగుకు మారడం డిసెంబరు చివర్లో అయితే అది జబ్బు కాదు. పంట ముదిరిందని అర్థం.

తవ్వడం, విత్తనం దాచడం

నాటిన ఆరున్నర, ఏడు నెలలకు ఆకులు ఎండి వాలిపోతాయి. ఆ తర్వాత నీళ్లు ఆపి, పది రోజులు ఆగి కుండీని బోర్లించండి. పారతో పొడిస్తే దుంపలకు గాట్లు పడతాయి, గాటు పడినవి దాచడానికి పనికిరావు.

బీకాం చదివినవాడిని కాబట్టి లెక్క ఇలా చెప్తాను. పావుకిలో విత్తనం అంటే సుమారు 30 గ్రాముల ముక్కలు ఎనిమిది. కుండీకి రెండు చొప్పున నాలుగు కుండీలు. ఐదు రెట్లు పండిందనుకుంటే కిలోంపావు వస్తుంది. ఇందులో మంచి దుంపలు 350 గ్రాములు ముందే పక్కన పెట్టేయాలి. దాచినప్పుడు కొంత ఎండుతుంది, కొంత కుళ్లుతుంది, జూన్‌కు పావుకిలో మిగలాలి కదా. విత్తనం మూలధనం, మిగతాది లాభం. రుచిగా ఉందని మూలధనం తినేస్తే మళ్లీ ఏడాది చెన్నై సంచి కోసం ఎదురుచూడాల్సిందే.

దాచే పద్ధతి సులువు. విత్తనం దుంపలు కడగొద్దు. మట్టి దులిపి, రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి, మట్టి కుండలో పొడి ఇసుక ఒక వరస, దుంపలు ఒక వరస పేర్చండి. మూత బిగించకుండా గుడ్డ కట్టి, మంచం కింద చల్లటి చోట పెట్టండి. నెలకోసారి చూసి మెత్తబడినవి ఏరేయండి. ఫ్రిజ్‌లో పెట్టిన దుంపకు మొలక సరిగా రాదు.

వంటగదిలో

రంజాన్ 2027లో ఫిబ్రవరి రెండో వారంలో, 2028లో జనవరి చివర్లో మొదలవుతుంది, నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ. అంటే రాబోయే రెండు మూడేళ్లు మన పంట చేతికొచ్చే రోజులూ ఇఫ్తార్ రోజులూ కలిసి వస్తాయి. చెట్టు మామిడికాయ ఇంకా రాని రోజులవి. ఉడికించిన శనగల మీద సన్నగా తురిమి నిమ్మకాయ పిండుకోవచ్చు. బిర్యానీలోకి చేసే దహీ చట్నీలో ఒక చెంచా తురుము చాలు. పప్పులో మామిడి వాసన కావాలంటే దించే ముందు వేయండి, ఎక్కువసేపు ఉడికితే వాసన పోతుంది.

నిమ్మరసం ఊరగాయకు కొలత: పావుకిలో మామిడి అల్లం, నాలుగైదు నిమ్మకాయల రసం, ఏడెనిమిది పచ్చిమిరపకాయలు, రెండు చెంచాల ఉప్పు, చిటికెడు పసుపు. దుంప కడిగి, పొట్టు గీకి, గుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరాకే సన్నగా తరగాలి. అన్నీ కలిపి గాజు సీసాలో పెడితే రెండో రోజుకు ఊరుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి రెండు వారాల లోపు వాడేయండి. తీసేటప్పుడు తడి చెంచా వద్దు. మన ఉదయగిరి ఇళ్లలో ఆడవాళ్లు చెక్కే, భౌగోళిక గుర్తింపు ఉన్న కొయ్య గరిటె ఉండగా స్టీలు చెంచా ఎందుకు? పులుపుకు కొయ్యే మంచిది.

షుగర్ తగ్గుతుందా?

మామిడి అల్లం తింటే షుగర్ మాత్రలు మానేయొచ్చని తిరిగే మెసేజ్‌లను నమ్మకండి. దీని మీద ప్రయోగశాలల్లో పరీక్షలు జరిగాయి గానీ, మాత్రకు బదులుగా వాడమని చెప్పేంత రుజువు లేదు. వంటలో వేసుకునే మోతాదు వేరు, రోజూ కషాయం కాచి తాగడం వేరు. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు కషాయం జోలికి పోయే ముందు డాక్టరును అడగాలి. బీపీ ఉన్న పెద్దవాళ్లు ఊరగాయ కంటే పచ్చి తురుము వాడుకోవడం మంచిది, అందులో ఉప్పు మన చేతిలో ఉంటుంది. రోజా పట్టే షుగర్ పేషెంట్లు మాత్రల వేళలు డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి, దుంపతో సర్దుకునే విషయం కాదది.

చివరగా

మనిషి నాటిన మొక్క నుంచి మనుషులు గానీ పక్షులు గానీ తింటే అది నాటినవాళ్లకు సదఖా అవుతుందని మన పెద్దలు హదీస్ చెబుతుంటారు. మీ కుండీ బోర్లించిన రోజు, కళ్లున్న ముక్కలు రెండు కాగితంలో చుట్టి పక్కింటికి ఇవ్వండి. నవంబరు వానకు మీ విత్తనం పోయిన ఏడాది, ఆ ఇంటి నుంచే మళ్లీ తెచ్చుకోవచ్చు.